మీకు తెలుసా? యాభై ఏళ్లు దాటినా గురి తప్పని ‘మోసగాడు’

మొన్న సంక్రాంతికి బందరు పక్కన మా గూడూరు ఇంట్లో మూడు తరాలం కలిసి కూర్చుని ‘మోసగాళ్లకు మోసగాడు’ చూశాం. 1971 ఆగస్టు 27న విడుదలైన సినిమా. కొత్తలో బందరు వెళ్లి నేల టికెట్టు కొనుక్కుని చూసిన మా పెదనాన్న ఒకవైపు, వీడియో క్యాసెట్టులో చూసిన నేను మధ్యలో, సెల్‌ఫోన్లో ముక్కలు ముక్కలుగా తప్ప సినిమా చూడని పిల్లలు ఇంకోవైపు. సినిమా అయ్యాక మా అన్నయ్య మనవడు అడిగాడు: “తాతయ్యా, ఇది నిజంగా అంత పాతదా?”

వాడి ప్రశ్న నన్ను వదల్లేదు. దొంగలు, తుపాకులు, గుర్రాలు, దాచిన నిధి ఉన్న ఈ సినిమాలో కాలానికి నిలిచింది ఏది? నిలవనిది ఏది? వెతుకుతూ పోతే ఎన్నో సంగతులు దొరికాయి. వాటిలో చాలా వాటికి మన బందరు, గుడివాడ మట్టి అంటుకుని ఉంది.

దొంగ గురి మన మీదే

దొంగల సినిమా వయసు, సినిమా వయసు ఇంచుమించు ఒకటేనని తెలుసా? 1903లో అమెరికాలో ఎడ్విన్ పోర్టర్ తీసిన ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ నిడివి 12 నిమిషాలే. రైలును దోచుకున్న ముఠాను తరిమి తరిమి పట్టుకునే కథ. అందులో ఒక దొంగ తిన్నగా ప్రేక్షకుల వైపు తుపాకీ ఎక్కుపెట్టి కాలుస్తాడు. ఆ ముక్కను సినిమాకు ముందు వేయాలా, చివర వేయాలా అన్నది ఆడించేవాళ్ల ఇష్టానికే వదిలేశారు.

అలాంటి మూగ బొమ్మల రోజుల్లోనే యంత్రం వెంటబెట్టుకుని ఊరూరా తిరుగుతూ, బర్మా, సింహళం దాకా వెళ్లి సినిమా చూపించిన తెలుగువాడు రఘుపతి వెంకయ్యనాయుడు. మద్రాసు మౌంట్ రోడ్డులో గెయిటీ థియేటర్ కట్టించింది ఆయనే. 1869 అక్టోబరు 15న ఆయన పుట్టింది మన బందరులో, అంటే మచిలీపట్నంలో. తెలుగు సినిమా పితామహుడని పేరు పొందిన మనిషి మనకు పక్క ఊరివాడు.

ముగ్గురు దొంగలు

తెలుగు తెర మీద దొంగ ఎలా మారుతూ వచ్చాడో మూడు సినిమాలు చూస్తే తెలుస్తుంది.

మొదటివాడు 1955 నాటి ‘దొంగరాముడు’. కె.వి. రెడ్డి దర్శకుడు. గుడివాడ ప్రాంతపు పెయ్యేరుకు చెందిన దుక్కిపాటి మధుసూదనరావు అన్నపూర్ణ పిక్చర్స్ పేరుతో తీసిన మొదటి సినిమా ఇది. హీరో అక్కినేని నాగేశ్వరరావుది గుడివాడ దగ్గరి వెంకటరాఘవపురం. ఈ రాముడు తల్లి మందుల కోసం దొంగతనం చేస్తాడు.

రెండోవాడు 1963 నాటి ‘బందిపోటు’. బి. విఠలాచార్య దర్శకుడు. హీరో నందమూరి తారక రామారావుది పామర్రు పక్కన నిమ్మకూరు. ఈ బందిపోటు దుర్మార్గుల మీద తిరగబడి జనం పక్షాన నిలబడతాడు. రాబిన్‌హుడ్ కథకు తెలుగు కత్తి, తెలుగు మీసం అన్నమాట.

మూడోవాడు 1971 నాటి ‘మోసగాడు’. హీరో కృష్ణది కృష్ణా నదికి అవతలి గట్టున, తెనాలి దగ్గరి బుర్రిపాలెం. ఈయన తల్లి మందుల పేరు చెప్పడు, పేదల పేరూ చెప్పడు. దొంగను పట్టిచ్చి బహుమతి డబ్బు తీసుకుంటాడు. ఆ దొంగను ఉరి తీయబోతుంటే తాడును తుపాకీతో కొట్టి తెంచి, మళ్లీ వదిలేస్తాడు.

పదహారేళ్లలో దొంగ ఎంత దూరం నడిచాడో చూడండి. తప్పుకు సాకు వెతుక్కోని హీరోను ఒప్పుకోవడానికి ప్రేక్షకుడికి కూడా ఆ పదహారేళ్లు పట్టాయి. ఈనాటి పిల్లలకు ఈ సినిమా పాతగా అనిపించకపోవడానికి మొదటి కారణం ఇదే. వాళ్లు రోజూ చూసే హీరోలు చాలామంది ఈ మూడోవాడి వంశమే.

పేరులోనే సామెత

‘తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు’ అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ సామెతను రెండే రెండు మాటల్లోకి కుదిస్తే వచ్చే పేరు ‘మోసగాళ్లకు మోసగాడు’. కథను తూకం వేసినట్టు చెప్పేసిన పేరు. దీనికి జోడీ అన్నట్టు 1973లో అదే దర్శకుడు, అదే హీరో ‘మంచివాళ్లకు మంచివాడు’ తీశారు. 2015లో సుధీర్‌బాబు హీరోగా ఇదే పాత పేరుతో ఇంకో సినిమా వచ్చింది. సుధీర్‌బాబు కృష్ణకు అల్లుడు.

సాహిత్య చరిత్రకారుడి కౌబాయ్

ఈ తుపాకుల సినిమాకు కథ, మాటలు రాసిందెవరో తెలుసా? ‘త్వమేవాహం’ కావ్యకర్త, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాల రచయిత ఆరుద్ర. అసలు పేరు భాగవతుల సదాశివ శంకరశాస్త్రి. నన్నయ నుంచి ఆధునికుల దాకా తెలుగు కవులందరినీ వరసబెట్టి చదివి చరిత్ర రాసిన మనిషి, అదే కాలంలో గుర్రం మీద వచ్చే గజదొంగలకు మాటలు రాశాడు.

ఆ చదువు సినిమాలో ఎక్కడుందో చెప్పమంటే నేను ఒక పాత్ర పేరు చెబుతాను. నాగభూషణం వేసిన దొంగ పేరు నక్కజిత్తుల నాగన్న. పేరు వినగానే పాత్ర కళ్ల ముందు నిలబడుతుంది. నక్క మన కథల్లో ఎప్పటినుంచో ఉన్న జంతువు. పంచతంత్రం దాన్ని పెంచింది, అమ్మమ్మలు దాన్ని అన్నం ముద్దలతో పాటు మనకు తినిపించారు. విదేశీ టోపీ పెట్టుకున్న దొంగకు ఇంత అచ్చమైన తెలుగు పేరు పెట్టడం భాష లోతు తెలిసినవాడు చేసే పని. టోపీల మోజు పోయింది. ఆ పేరు మాత్రం పోలేదు.

అరువు మీద అరువు

ఈ సినిమా మీద సెర్గియో లియోనీ తీసిన ఇటాలియన్ సినిమాల ప్రభావం ఉంది. ముఖ్యంగా 1966 నాటి ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ చూసినవాళ్లకు ఉరితాడు సన్నివేశం దగ్గర ఆ సంగతి తెలిసిపోతుంది. నిధి వేటలో 1969 నాటి ‘మెకన్నాస్ గోల్డ్’ ఛాయ కూడా ఉంది.

లియోనీ కూడా అరువు తెచ్చుకున్నవాడే. 1964లో ఆయన తీసిన ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ కథ జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1961లో తీసిన ‘యోజింబో’ది. అనుమతి తీసుకోకుండా తీసినందుకు జపాన్ వాళ్లకు పరిహారం కట్టుకోవాల్సి వచ్చింది. జపాన్ సమురాయ్ ఇటలీ వెళ్లి కౌబాయ్ అయ్యాడు. ఆ కౌబాయ్ మద్రాసు వచ్చి కృష్ణ అయ్యాడు.

నా మటుకు నాకు ఈ సినిమాలో బాగా పాతబడినవి సరిగ్గా ఈ అరువు ముక్కలే. మూలాన్ని ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఎవరైనా చూడొచ్చు. పక్కపక్కన పెట్టి చూస్తే మన నకలు వెలవెలబోతుంది. నాగన్న నోరు విప్పిన చోట మాత్రం పోల్చడానికి మూలమే లేదు. అది పూర్తిగా మనది.

నల్లమట్టి జనానికి ఎర్ర ఎడారి

మన వైపు ఎటు చూసినా పచ్చటి వరిచేలు, కాలవలు, తాడిచెట్లు. కొండ చూడాలంటే బెజవాడ పోవాలి. సముద్రం ఒడ్డున ఇసుకైనా ఉంటుందా అంటే మంగినపూడి తీరంలో కాళ్లకు తగిలేది నల్లమట్టి. అలాంటి చోట పుట్టి పెరిగిన జనానికి తెర నిండా ఎడారి కనిపిస్తే ఎలా ఉంటుంది? మా పెదనాన్నకు కథ సగం మరుపొచ్చింది కానీ “ఆ ఇసక మాత్రం కళ్లలోనే ఉందిరా” అన్నాడు.

ఆ ఇసక రాజస్థాన్‌ది. చాలా తెలుగు సినిమాలు మద్రాసు స్టూడియోల్లో అట్ట కొండలు, రంగు తెరలు కట్టి గడుపుకుంటున్న రోజుల్లో, ఈ సినిమా తీసిన పద్మాలయా సంస్థ యూనిట్‌ను అంత దూరం నడిపించింది. కృష్ణ తమ్ముడు జి. ఆదిశేషగిరిరావు నిర్మాత. లియోనీ కూడా అమెరికా ఎడారి కథలను చాలా వరకు అమెరికాలో తీయలేదు. ఎక్కువ భాగం స్పెయిన్‌లోని అల్మేరియా దగ్గర తీశాడు. చూసేవాడికి కావాల్సింది నిజమైన ఎండ, నిజమైన దుమ్ము. కంప్యూటర్‌లో పుట్టిన ఎడారులను చూసి చూసి అలసిన ఈనాటి కంటికి ఆ దుమ్ము ఇంకా విలువైనదిగా తోస్తుంది. సినిమాలో కాలంతో పాటు విలువ పెరిగిన భాగం ఇదొక్కటే అనుకుంటాను.

కెమెరా వెనక ఇద్దరు

దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్‌ది నెల్లూరు వైపు వెంకటగిరి. పోరాటాల సినిమాలంటే దాస్ అన్నంత పేరు. ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి. మూడేళ్ల తర్వాత, 1974లో తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’కు కెమెరా పట్టింది కూడా స్వామే. అందులో పోరాట సన్నివేశాలు దాస్ చేతి మీదుగా నడిచాయి. రాజస్థాన్ ఎండలో నేర్చిన విద్య అల్లూరి మన్యానికి అక్కరకొచ్చిందన్నమాట.

సువర్ణసుందరి స్వరకర్త

‘అనార్కలి’, ‘సువర్ణసుందరి’ లాంటి సినిమాలకు రాగాలు పోసిన పి. ఆదినారాయణరావే ఈ కౌబాయ్ సినిమాకూ సంగీత దర్శకుడు. అంజలీదేవి భర్త. అంత సంప్రదాయ సంగీతం తెలిసిన మనిషిని ఇలాంటి సినిమాకు పిలవాలన్న ఆలోచనే ముచ్చటగా ఉంటుంది. తుపాకుల మోత మధ్యలో తెలుగు పాట నిలబడటానికి ఆ ఆలోచనే దారి వేసింది.

రంగస్థలం నుంచి వచ్చిన గొంతు

నాగభూషణం అనగానే మన పెద్దవాళ్లకు సినిమా కన్నా ముందు గుర్తొచ్చేది ‘రక్తకన్నీరు’ నాటకం. తమిళంలో ఎం.ఆర్. రాధా ఆడిన నాటకాన్ని తెలుగులోకి తెచ్చి, ఏళ్ల తరబడి ఊరూరా ఆడాడు. వెనక వరసలో చాప మీద కూర్చున్న వాడికి కూడా మాట విరుపు అందాలి. అది నాటకం నేర్పిన విద్య. ఆ విరుపునే నాగన్నకు పెట్టాడు. ఇటాలియన్ సినిమాల్లో దొంగలు కళ్లతో మాట్లాడతారు. మన నాగన్న నోటితో బతుకుతాడు. ప్రమాణం చేస్తాడు, తప్పుతాడు, కాళ్లు పట్టుకుంటాడు, మరుక్షణం కాళ్లు లాగుతాడు. సంక్రాంతి నాడు పిల్లలు ఫోన్లు పక్కన పెట్టింది ఈయన తెర మీదికి వచ్చినప్పుడే.

కౌతవరం నుంచి విలన్

ఇందులో విలన్ ఎవరో వేరే చెప్పాలా? కైకాల సత్యనారాయణ. 1935 జూలై 25న పుట్టింది కౌతవరంలో. గుడివాడ నుంచి బందరు వెళ్లే రైలెక్కితే గుడ్లవల్లేరు దాటాక వచ్చే స్టేషన్. చదివింది గుడివాడ కాలేజీలో. 1959లో ‘సిపాయి కూతురు’తో సినిమాల్లోకి వచ్చి, ఏడు వందలకు పైగా సినిమాల్లో వేశారు. యముడంటే ఇలాగే ఉంటాడని తెలుగువాళ్లు నమ్మింది ఆయన్ని చూసే.

ఇంకో సంగతి. 1996లో ఆయన మచిలీపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తెర మీద ఆయన్ని చూసి పళ్లు కొరికిన జనమే బూత్‌లో ఆయనకు ఓటు వేశారు. వేషం వేరు, మనిషి వేరు అని మనవాళ్లకు ఎంత బాగా తెలుసో దీన్నిబట్టి అర్థమవుతుంది. 2011 సంవత్సరానికి రాష్ట్ర ప్రభుత్వం ఆయనకు రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చింది. బందరులో పుట్టినవాడి పేరు మీద ఉన్న గౌరవం కౌతవరంలో పుట్టినవాడికి చేరింది.

తుపాకీ ముందు పట్టింది ఆవిడే

కృష్ణ కంటే ఏడాది ముందే కె.ఎస్.ఆర్. దాస్ ఒక హీరోయిన్ చేతికి తుపాకీ ఇచ్చాడని తెలుసా? 1970లో వచ్చిన ‘రౌడీరాణి’లో విజయలలిత పగ తీర్చుకునే పాత్ర వేసి మగవాళ్లతో సమంగా పోరాడింది. విజయశాంతికి ఈవిడ పిన్ని. తర్వాతి రోజుల్లో ఆ కుటుంబం నుంచే మరో పోరాటాల నాయిక వచ్చిందన్నమాట.

అందుకే ‘మోసగాళ్లకు మోసగాడు’ చూస్తున్నప్పుడు నా మనసు ఒకచోట చివుక్కుమంటుంది. ఇక్కడ కథ మగవాళ్ల చేతుల్లోనే తిరుగుతుంది. ఆడవాళ్లకు పాట, ఆట, ప్రేమ. లియోనీ సినిమాల్లోనూ ఇదే లోటు. ఆడవాళ్లకు మాటలున్న పాత్రలే అరుదు. ఈనాటి అమ్మాయి ఎవరైనా ఈ సినిమా చూసి “మేమెక్కడ?” అంటే ఆమె అడిగింది న్యాయం.

తెర మీద దొరకని చోటు ఈ సినిమా హీరోయిన్ తెర వెనక సంపాదించుకుంది. విజయనిర్మల 1973లో ‘మీనా’తో తెలుగులో దర్శకురాలైంది. ప్రపంచంలో అత్యధిక చిత్రాలకు దర్శకత్వం వహించిన మహిళగా 2002లో గిన్నిస్ రికార్డు అందుకుంది. ఆ ‘మీనా’ నవల రాసిన యద్దనపూడి సులోచనారాణిది మొవ్వ మండలం కాజ గ్రామం. మనకు కూతవేటు దూరం.

షోలేకు నాలుగేళ్ల ముందు

మన దేశంలో గుర్రాలు, బందిపోట్లు, రాతి గుట్టలు అనగానే అందరి నోటా వచ్చేది ‘షోలే’. అది 1975 ఆగస్టు 15న వచ్చింది. ‘మోసగాళ్లకు మోసగాడు’ అంతకు నాలుగేళ్లు ముందు. మన దేశపు తొలి కౌబాయ్ చిత్రంగా దీనికి పేరు. రెండో దాన్ని చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. ‘షోలే’ కథ గట్టిది, దానికి నిలిచే హక్కు ఉంది. ముందు దారి తొక్కినవాడి పేరు కూడా పక్కన రాయాలన్నదే నా కోరిక.

తొలి తీర్పు తుది తీర్పు కాదు

1967లో అమెరికాలో ‘బోనీ అండ్ క్లైడ్’ వచ్చింది. 1934 మే 23న పోలీసు తూటాలకు నేలకొరిగిన ఒక నిజమైన దొంగల జంట కథ. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు బాస్లీ క్రౌథర్ ఆ సినిమాను చీల్చి చెండాడాడు. జనం మాత్రం ఎగబడ్డారు. రెండు ఆస్కార్లు కూడా వచ్చాయి. క్రౌథర్ ఆ తర్వాత ఎంతో కాలం ఆ పనిలో లేడు. నేటికీ అమెరికా సినిమా చరిత్రలో మలుపులు చెప్పమంటే ఆ సినిమా పేరు రాక తప్పదు. దొంగల సినిమాకు అసలు తీర్పు చెప్పేది విడుదలైన వారంలో రాసినవాళ్లు కాదు, యాభై ఏళ్ల తర్వాత చూసి కదలకుండా కూర్చున్నవాళ్లు.

1871, 1971

ఈ సినిమా రావడానికి సరిగ్గా వందేళ్ల ముందు, 1871లో, తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారని తెలుసా? మనిషి ఏం చేశాడన్నది చూడకుండా, ఏ కులంలో పుట్టాడన్నది చూసి దొంగ అని ముద్ర వేసే చట్టం. 1911లో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. మన పక్కనే, కృష్ణా నది దాటితే బాపట్ల వైపు ఉన్న స్టువర్టుపురం ఆ చట్టం నీడలో పుట్టిన ఊరు. ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో అక్కడ ఉంచారు. దేశమంతటా ఆ ముద్ర చట్టప్రకారం తొలగింది 1952 ఆగస్టు 31న.

చట్టం పోయినా సినిమా ఆ ఊరి పేరును వదల్లేదు. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చాయి. రెండో దాని మీద అభ్యంతరం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు తమ ఊరి పేరు చెప్పుకోవడానికి ఎందుకు జంకాలి?

దొంగల సినిమా ఈనాటికి నిలిచిందా లేదా అని అడిగేటప్పుడు ఈ కొలత కూడా పెట్టాలి. ‘మోసగాళ్లకు మోసగాడు’ ఇక్కడ తలెత్తుకు నిలబడుతుంది. నాగన్న మోసగాడైంది తన బుద్ధి వల్ల, పుట్టుక వల్ల కాదు. ఏ ఊరి మీదా, ఏ కులం మీదా బురద చల్లకుండా రెండున్నర గంటలు దొంగల కథ చెప్పవచ్చని 1971లోనే చూపించిన సినిమా అది. ఇప్పుడు దొంగల కథలు రాసేవాళ్లు ఈ ఒక్క పాఠం తీసుకున్నా చాలు.

ఇంగ్లీషులో మాట్లాడిన తెలుగు దొంగలు

‘మోసగాళ్లకు మోసగాడు’ను కుదించి, ఇంగ్లీషు మాటలు పెట్టి విదేశాలకు పంపారు. తమిళంలో ‘మోసక్కారనుక్కు మోసక్కారన్’, హిందీలో ‘గన్‌ఫైటర్ జానీ’.

పంతొమ్మిదేళ్ల తర్వాత ఇంకో తెలుగు కౌబాయ్ ఇదే దారిన వెళ్లాడు. 1990 ఆగస్టు 9న విడుదలైన చిరంజీవి ‘కొదమసింహం’. అది కూడా నిధి కథే. దానికీ ఇంగ్లీషు రూపం వచ్చింది, పేరు ‘హంటర్స్ ఆఫ్ ది ఇండియన్ ట్రెజర్’. ఆ సినిమా తీసిందెవరనుకున్నారు? రమా ఫిల్మ్స్. అంటే కౌతవరం కైకాల సోదరులు. మొదటి కౌబాయ్‌కి ఎదురు నిలిచిన విలనే తర్వాతి కౌబాయ్‌కి సొమ్ము పెట్టి నిలబెట్టాడు.

2002లో కృష్ణ కొడుకు మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’లో అదే టోపీ పెట్టుకున్నాడు. గుర్రాలు మారాయి, కెమెరాలు మారాయి. తండ్రి తొక్కిన దారి మాత్రం అలాగే ఉంది.

ఎరుపెక్కిన బొమ్మలు

పాత రంగుల సినిమా ఆడుతుంటే మనుషులంతా ఎర్రగా, గులాబీ రంగులో కనిపించడం గమనించారా? ఆనాటి కలర్ ఫిల్మ్‌లో మూడు రంగుల పొరలు ఉండేవి. వేడికి, తేమకు నీలి పొర ముందుగా వెలిసిపోయేది. మిగిలేది ఎరుపు. మన కోస్తా ఉక్కకు ఆ ప్రింట్లు ఇంకా తొందరగా పాడయ్యేవి.

ఇప్పుడు 4కె అంటున్నది దీనికి వైద్యం. నెగటివ్‌లో ఒక్కో ఫ్రేమును విడిగా స్కాన్ చేసి, గీతలు, మచ్చలు తుడిచి, రంగు సరిచేస్తారు. సెకనుకు 24 ఫ్రేములు. రెండున్నర గంటల సినిమా అయితే 2,16,000 ఫ్రేములు. కలంకారీ గుడ్డ మీద పువ్వు పువ్వుకూ రంగు దిద్దే పెడన పనివాళ్లను చూసినవాళ్లకు ఇది ఎంత ఓపిక కావాల్సిన పనో చెప్పక్కర్లేదు.

తెలుగులో ఈ పాత సినిమాల పండగ ఊపందుకుంది 2022 ఆగస్టు 9న, మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ మళ్లీ ఆడినప్పుడు. ‘మోసగాళ్లకు మోసగాడు’ వంతు 2023 మే 31న వచ్చింది. ఆ రోజు కృష్ణ పుట్టినరోజు.

ఆరు ఖాళీ కుర్చీలు

ఆ రోజు హాల్లో ఎవరెవరు లేరో తెలుసా? నాగభూషణం 1995లో, ఆరుద్ర 1998లో వెళ్లిపోయారు. దర్శకుడు దాస్ 2012లో, విజయనిర్మల 2019లో. కృష్ణ 2022 నవంబరు 15న కన్నుమూశారు. ఆ తర్వాత 38 రోజులకే, డిసెంబరు 23న, కైకాల సత్యనారాయణ. తెర మీద ఒకరినొకరు చంపుకోబోయిన ఇద్దరూ ఒకే చలికాలంలో సెలవు తీసుకున్నారు. సినిమా కొత్త రంగులతో తిరిగొచ్చేనాటికి దాన్ని మోసిన ఆ ఆరుగురిలో ఒక్కరూ లేరు.

మరి మా అన్నయ్య మనవడి ప్రశ్నకు జవాబు? పాతదేరా నాన్నా. తుపాకీ చప్పుళ్లు పాతవి, పాటల్లో గంతులు పాతవి, ఇటలీ నుంచి తెచ్చిన ముక్కలు మరీ పాతవి. కానీ మర్నాడు కనుమ పొద్దున నువ్వు మినప గారెలు దాచేసి, లేవన్నప్పుడు, మీ చెల్లి నిన్ను ఏమని పిలిచిందో గుర్తుందా? “ఒరేయ్ నక్కజిత్తుల నాగన్నా!” అంది. ఆ పిల్లకు ఆరుద్ర ఎవరో తెలియదు. ఆయన పెట్టిన పేరు మాత్రం ఒక్క రాత్రిలో దాని నోటికి వచ్చేసింది.